గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు : దొరతనమును లెక్క యడిగిన వర్తకుడు

మహాసభా సంచికలలో పూర్వపురుషుల చరిత్రములు ప్రకటించుట మనలో చిరకాలముగా వచ్చుచున్న యాచారము. దేవాలయములు కట్టించినవారు, సత్రములు వేయించినవారు, చెఱువులు త్రవ్వించినవారు ఈ పుటలలో తఱచుగా కానవత్తురు. వారి కీర్తికి లోపము లేదు. కాని యొక ధనవంతుడు తన ధనమును దేవునికి గాని బంధువులకు గాని పెట్టక, దొరతనమువారి జమాఖర్చులను నిలదీయుటకై వ్యయపెట్టి, తుదకు తాను రిక్తహస్తుడై గతించెనన్న కథ మనలో పెక్కుమంది వినియుండరు. చెన్నపట్టణమున నివసించిన తెలుగు వర్తకులు, కీర్తిశేషులు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారిది ఆ కథ. చరిత్ర పుస్తకములలో వారి పేరు ఒకటి రెండు పంక్తులలో ముగియును. వారేమి యడిగిరో, అందులో నేది లభించెనో, ఏది లభింపలేదో విడమర్చి చెప్పువారు తక్కువ. లభింపనిదానిని గూర్చియే మేము ముఖ్యముగా వ్రాయదలచితిమి.

శెట్టిగారు 1806 వ సంవత్సరమున, నేడు చెన్నై యని పిలువబడుచున్న చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందును వస్త్రములను ఎగుమతి చేసి పేరు గడించిన వర్తకులు. కుమారుడు పిన్నవయసుననే తండ్రి కొట్టునందు కూర్చుండి, చేతిరుమాళ్ల బేరమును, వస్త్రముల బేరమును నేర్చుకొని, కుటుంబధనమును వృద్ధిచేసెను. పాఠశాలల చదువు కొలదిగనే జరిగినది. కాని చిట్టా ఆవర్జాల చదువు చక్కగా నబ్బినది. ఈ మాట మేము వేడుకకు వ్రాయుట లేదు. వారి తరువాతి జీవితమంతయు ఆ చదువునుండి పుట్టినదే. ఎదుటివాని సొమ్ము చేతబట్టినవాడు దానికి లెక్క చెప్పవలెనన్నది వర్తకునకు ఉగ్గుపాలతో వచ్చిన నీతి. దానినే శెట్టిగారు దేశమును పాలించువారికి అన్వయించిరి.

ఆ కాలమున మన దేశమును పాలించుచున్నది రాజు కాదు, ఒక వర్తకసంఘము. ఈస్టిండియా కంపెనీవారికి 1833 వ సంవత్సరపు చట్టముచేత వర్తకము నిలిచిపోయినది, పరిపాలన మాత్రము మిగిలినది. అయినను వాటాదారులకు లాభాంశము నిలువలేదు. 60 లక్షల పౌనుల మూలధనముపై నూటికి పదిన్నర వంతున, అనగా ఏటేట 6,30,000 పౌనులు, భారతదేశపు రాబడినుండియే చెల్లింపవలెనని ఆ చట్టమున వ్రాసిరి. వర్తకము చేయని కొట్టునకు లాభము వచ్చుట మనలో నేవర్తకుడైన కనివిని యెరుగునా? ఆ లాభము రైతు కట్టిన శిస్తులోనిది, సాలెవాడు కట్టిన మగ్గపు పన్నులోనిది, బీదవాడు తిన్న యుప్పులోనిది. దీనికి తోడు యుద్ధముల కొఱకు చేసిన యప్పులు, వానిపై వడ్డీలు, పనిమాని సీమకు మరలిపోయిన యుద్యోగుల పింఛనులు, సీమనుండి తెప్పించిన సరంజామా వెల, ఇవియన్నియు లండను నగరమున ఖర్చగుచుండెను. ఖర్చు అచ్చట, వసూలు ఇచ్చట.

వసూలు జరుగు విధము నించుక వివరింపవలసియున్నది. చెన్నరాజధానిలో పెక్కు మండలములందు రైతువారీ పద్ధతి యమలునందుండెను. ఆరంభమున నిర్ణయింపబడిన శిస్తు అనేకస్థలములందు పంటలో సగమునకు సమీపముగా నుండెను. అదియైన ధాన్యరూపమున గాక రూకలలో చెల్లింపవలెను. 1825 ప్రాంతమునుండి యేబదిమూడు ఏబదినాలుగు సంవత్సరములవరకు ఈ రాజధానిలో ధాన్యపు ధరలు పడిపోయియుండెను. ధర సగమైనచో, అదే శిస్తు కట్టుటకు రైతు రెండింతల ధాన్య మమ్ముకొనవలెను గదా! శిస్తు పెంచకయే శిస్తు పెరిగినది. ఇట్టి దినములలోనే 1832-33 లో నందననామ సంవత్సరపు కరవు వచ్చి, గుంటూరు మండలమున అయిదు లక్షల జనములో రమారమి రెండు లక్షలమందిని మ్రింగినది. మన తెలుగుదేశపు ముసలివారు దానిని తరతరములు చెప్పుకొనిరి.

పల్లెలో శిస్తు, పట్టణములో మొహతర్ఫా. ఈ రెండవదానిని గూర్చి వర్తకులును చేతిపనులవారును అయిన మన పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. మగ్గమునకు పన్ను, కొలిమికి పన్ను, అంగడికి పన్ను, దారిప్రక్కన గంపపెట్టుకొని యమ్మువానికిని పన్ను. వడ్రంగి వాడు ఉలికి, బాడిసకు సయితము కట్టుకొనవలసినదే. కొన్నియెడల పనిముట్టు వెలకు ఆరురెట్లు పన్నుగా పోవుచుండెనని శెట్టిగారి సంఘమువారు తరువాత పార్లమెంటునకు తెలిపిరి. ఇక ఉప్పు సంగతి. సరకుల రవాణాపై నున్న సుంకములను 1844 లో రద్దుచేసి, ఆ లోటు తీర్చుకొనుటకు ఉప్పు వెల పెంచిరి. బండ్లమీద సరకు తోలు వర్తకునకు కొంత యూరట, గంజిలో నుప్పు వేసికొను కూలివానికి క్రొత్త భారము! వర్తకులైన శెట్టిగారు తమకు కలిగిన యూరటతో తృప్తిపడి యూరకుండలేదు. ఇది గమనింపదగినది.

ఆ సంవత్సరమే, 1844 అక్టోబరు 2 వ తేదీన, వారు క్రెసెంటు అను నింగ్లీషు పత్రికను వెలువరించిరి. చెన్నపట్టణమున స్వదేశీయుడొకడు తన సొంత యాజమాన్యమున నడిపిన తొలిపత్రిక యిదియే యని చెప్పుదురు. ముద్రాశాలను కొని, ఎడ్వర్డు హార్లీ యను దొరను సంపాదకునిగా నియమించి, హిందువుల స్థితిని బాగుచేయుటయే పత్రిక యుద్దేశమని చాటిరి. ఈ పత్రిక ప్రారంభ ప్రకటనను తమ గెజెటులో వేయుటకు దొరతనమువారు నిరాకరించిరి. ఆరంభముననే యధికారుల యాగ్రహము తెలిసిపోయినది. మతము మార్చుకొన్నవారి వారసత్వమును గూర్చిన చట్టపు చిత్తు, సర్కారు పాఠశాలలో బైబిలును పాఠ్యగ్రంథముగా పెట్టవలెనను ప్రయత్నము మొదలగు వివాదములు ఆ నాలుగైదేండ్లలో చెలరేగినవి. 1846 అక్టోబరు 7 వ తేదీన పచ్చయప్పవారి విద్యాశాలలో జరిగిన మహాసభకు శెట్టిగారే యగ్రాసనాధిపత్యము వహించిరి. ఆ వివాదముల వివరములు ప్రస్తుతమునకు చేరవు గనుక విడిచిపెట్టుచున్నాము. ఆ సభవలన కలిగిన ఫలమును మాత్రము చెప్పుదుము. చెన్నపట్టణపు పౌరులు ఒకచోట చేరి, ఒక కాగితమునందు చేవ్రాళ్లు చేసి, సముద్రము దాటి పంపగలరని రూఢియైనది.

కంపెనీవారి పట్టా 20 సంవత్సరముల కొకమారు పార్లమెంటువారిచే క్రొత్తది చేయబడుచుండెను. 1833 నాటి పట్టా గడువు తీరవచ్చుచుండగా, కలకత్తాలోని బ్రిటిషు ఇండియను సంఘమువారు ఇతర పట్టణములలో శాఖలు కోరిరి. 1852 ఫిబ్రవరి 26 వ తేదీన చెన్నపట్టణమున అట్టి శాఖ వెలసెను. కాని కలకత్తాలో జమీందారుల మాట చెల్లుబాటగును. ఇచ్చటి బాధ రైతువారీ బాధ. అచ్చటివారు వ్రాసిన యర్జీక్రింద ఇచ్చటివారు చేవ్రాలు చేసినచో రోగ మొకటియు మందు మఱియొకటియు నగును. అందువలన కొలదినెలలలోనే శెట్టిగారు మొదలగువారు విడిపోయి మదరాసు నేటివు అసోసియేషను అను స్వతంత్రసంఘముగా నేర్పడిరి. ఐక్యము గొప్పదే. అయినను ఎవరి పద్దు వారు వ్రాసికొన్నగాని లెక్క తేలదు.

ఆ సంఘమువారు 1852 డిసెంబరులో పంపిన విజ్ఞాపనము మన దేశపు ప్రజాజీవనమున నొక మైలురాయి. దాని సారమును మా మాటలలో చెప్పుచున్నాము. ప్రజల కష్టములకు ముఖ్యకారణము మితిమీరిన పన్నులు, వానిని వసూలుచేయుటలోని పీడనము. పిమ్మట కంపెనీవారి న్యాయస్థానములలోని యాలస్యము, ఖర్చు. ప్రజలకు కావలసినవి బాటలు, వంతెనలు, పంటకాలువలు, విద్య. ఇంతవరకు నెవరైనను అడుగుదురు. దాని తరువాత నున్న మాట మిక్కిలి ముఖ్యమైనది: ప్రభుత్వవ్యయమును తగ్గింపుడు, ప్రజల సుఖమునకు తగిన పరిపాలనాపద్ధతి నేర్పాటుచేయుడు. పన్ను తగ్గింపుమని వేడుకొనుట పూర్వకాలపు రాజులయెదుట చేతులు జోడించి చేసిన పనియే. రాజు దయతలచి యొక యేడు వజా యిచ్చును, మఱునాడు మరల వడ్డించును. ఖర్చు తగ్గింపుమని యడుగుట వేరు. అది దయను కోరుట కాదు, లెక్క నడుగుట. పన్ను ఎందువలన హెచ్చినదో మాకు తెలియును, మీ పెట్టెలో నెంత పడుచున్నదో, ఏ త్రోవను పోవుచున్నదో మేము గమనించుచున్నామని చెప్పుట.

వ్యయమంతయు చెడ్డదని శెట్టిగారి సంఘము వాదింపలేదు. ఈ సంగతిని మన పాఠకులు మఱువకుందురుగాక. పన్నులపై కోపించువారు కొందఱు ఏ ఖర్చు కనబడినను గొంతెత్తి యరచుట నేడును చూచుచున్నాము. వీరట్టివారు కారు. ఆ 1852 వ సంవత్సరముననే ధవళేశ్వరముకడ గోదావరి యానకట్ట పూర్తియైనది. 1847 లో ఆర్థరు కాటను దొరగారు దాని నారంభించునాటికి ఆ మండలము కరవులతో, వలసలతో చిక్కి శల్యమైయుండెను. కట్టిన పిమ్మట భూమి పచ్చబడెను, శిస్తును పెరిగెను. వెంటనే 1855 లో బెజవాడకడ కృష్ణ యానకట్టయు ముగిసెను. పెట్టినది మరల వచ్చు ఖర్చు ఒకటి, పోయినది పోయినట్లే యగు ఖర్చు ఇంకొకటి. మొదటిది కావలెను, రెండవది తగ్గవలెను. వర్తకుడు కొట్టునకు గాదెలు కట్టించుటకును, పెండ్లిలో బాణసంచా కాల్చుటకును గల భేద మిదియే. కంపెనీవారు మొదటిదానికి చేయి బిగబట్టి, రెండవదానికి చేయి విప్పుచుండిరని సంఘము ఆరోపణ.

పార్లమెంటులో విజ్ఞాపనము చదువబడినది, చర్చింపబడినది. 1853 లో చట్టమును వచ్చినది. చట్టమున కంపెనీ మరల నిలిచినది. ఇన్నివేలమైళ్ల దూరమునుండి వ్రాసిన కాగితమును నమ్ముట కష్టమని శెట్టిగారు గ్రహించిరి. కన్నులార చూచువాడు కావలెను. లండనులోని ఇండియా సంస్కరణ సంఘమునకు అధ్యక్షుడును పార్లమెంటు సభ్యుడును అయిన డాన్బీ సేమరు దొరగారు ఆ 1853 లో చెన్నపట్టణమునకు విచ్చేసిరి. శెట్టిగారు వారిని వెంటబెట్టుకొని జిల్లాలలో పర్యటించి, రైతుల గుడిసెలముందు నిలిపి, వారి నోటనే వారి గాథలు వినిపించిరి. శిస్తు వసూలుకొఱకు మనుష్యులను హింసించు సంగతి అట్లు ఆ దొరగారి యెఱుకలోనికి వచ్చినది.

ఆ హింసల పేరు లిప్పటివారికి తెలియవు. కిట్టి యనునది రెండు కఱ్ఱముక్కల నడుమ వ్రేళ్లనుంచి నొక్కు సాధనము. అనందాలు అనునది మనుష్యుని నడుము వంచి, మెడకును కాలి బొటనవ్రేలికిని త్రాడు ముడివేసి నిలబెట్టుట. కొందఱికి వీపున బండ నెత్తుదురు. కొందఱిని మిట్టమధ్యాహ్నమున ఎండలో నిలువబెట్టి, అన్నపానములు ముట్టనీయరు. కన్నులలో మిరపకాయ పొడి చల్లుటయు గలదు. బాకీ యెంత? తఱచుగా కొలది రూపాయలు. ఒక్కొకచో అణాలు మాత్రమే.

1854 జూలైలో బ్లాకెటను సభ్యుడు ఈ రాజధాని రైతుల విషయమును కామన్సు సభలో లేవనెత్తెను. సేమరు దొరగారు తాము తెలిసికొన్నది చెప్పిరి. కంపెనీ పక్షమువారు కొందఱు అట్టివేమియు లేవని, ఉన్నను తమకు తెలియదని వాదించిరి. అయినను విచారణ తప్పలేదు. ఆ సెప్టెంబరులో ఇలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురు దొరలతో నొక విచారణసంఘము చెన్నపట్టణమున నేర్పడెను. మూడు నెలలలో 1,959 మంది ఫిర్యాదు చేసికొనిరి. వారిలో 519 మంది స్వయముగా వచ్చిరి, మిగిలిన 1,440 మంది ఉత్తరములు వ్రాసిరి. రైలుబండ్లు లేని కాలమున, నూఱు నూటయేబదిమైళ్లు కాలినడకన వచ్చి, తమ్ము హింసించినవారి పై యధికారులయెదుట నిలిచి నోరు విప్పుట కెంత ధైర్యము కావలెనో మన పాఠకు లూహింపగలరు. తిరిగి యూరు చేరిన పిమ్మట వారిని కాపాడువా రెవరు? 1855 ఏప్రిలులో నివేదిక వెలువడెను. శిస్తు వసూలులో హింస రాజధాని యంతట వ్యాపించియున్నదని ఒప్పుకొనబడెను. ఆ నివేదికను చదివి, అమెరికాలోని న్యూయార్కు పత్రిక కొకదానికి 1857 సెప్టెంబరులో వ్యాసము వ్రాసినవాడు కారల్ మార్క్సు.

ఇచ్చట ఒక చేదుమాట చెప్పక తప్పదు. కిట్టి నొక్కిన చేతులు దొరలవి కావు. తాసీలుదారు, గుమాస్తా, మునసబు, కరణము, తలారి, బంట్రోతు, వీరందఱు మనవారే. అన్ని కులములవారును అందులో గలరు. విచారణసంఘమువారు దీనిని పట్టుకొని, నేరమంతయు నల్ల యుద్యోగులపై మోపి, తెల్లదొరలు నిర్దోషులని తేల్చిరి. మనవారి నేరమును మేము కప్పిపుచ్చుట లేదు. ఉద్యోగము దొరకినవెంటనే తన యూరివానినే పురుగువలె చూచు దుర్గుణము మనలో పాతదే. కాని జమాబందీనాటికి ఇంత సొమ్ము చేరితీరవలెనని పైనుండి యొత్తిడి రానిచో, క్రిందివాడు కిట్టి తీయవలసిన పనియేమి? శెట్టిగారి సంఘమువారు 1856 జనవరిలో పార్లమెంటునకు పంపిన రెండవ విజ్ఞాపనములో ఈ ప్రశ్నయే వేసిరి. విచారణసంఘము చెన్నపట్టణము దాటి పోలేదు. మూడు నెలలే కూర్చుండెను. పేదరైతు ఇల్లువిడిచి రాలేడు. అంతకంటె ముఖ్యము, హింసకు మూలమేదియో వారు వెదకలేదు. వెదకినచో అది శిస్తు విధించు పద్ధతిలోనే కనబడును. పై యధికారులకు ఈ సంగతి యెంతవరకు తెలియునో క్రిందియుద్యోగులను అడుగనే లేదు.

మా యభిప్రాయమున శెట్టిగారి జీవితమునకు కీలక మిచ్చటనే యున్నది. వారు లెక్క యడిగిరి. దొరతనమువారు కన్నీరు పెట్టిరి. హింస కలదని యొప్పుకొనుటవలన కంపెనీవారి కొక రూపాయియు తగ్గదు. కొందఱు బంట్రోతులను శిక్షించిన చాలును. వ్యయపుస్తకము తెరచినచో ఎన్నో పద్దులు కొట్టివేయవలసివచ్చును. కావున మొదటిదానికి తలయొగ్గి రెండవదానిని మూసిపెట్టిరి. అట్లని ఫలము శూన్యమని మేమనము. 1859 లో పోలీసు చట్టము వచ్చి, పోలీసు శాఖ రివెన్యూనుండి వేరుచేయబడెను. శిస్తు వసూలుచేయువాడే పట్టి కొట్టువాడును అగు దుస్థితి చట్టరీత్యా ముగిసెను. భూముల నళ్లు కొలిచి శిస్తులను సవరించు క్రొత్త సర్వే బందోబస్తు శాఖయు ఆ దినములలోనే పని ప్రారంభించెను. మొహతర్ఫాయు అటుపిమ్మటి కొలది సంవత్సరములలో తొలగిపోయెను. ఒక వర్తకుని పట్టుదలకు ఇవి సామాన్య ఫలములు కావు. కిట్టి యను మాటయే నేడు మనకు విడమర్చి చెప్పవలసియుండుట వారి చలవయే.

కంపెనీ తొలగి రాణీగారి పాలన వచ్చినచో లెక్క తిన్ననగునని శెట్టిగారును, వారి మిత్రులును విశ్వసించిరి. వేలకొలది చేవ్రాళ్లతో ఆ కోర్కెనుగూడ విన్నవించిరి. 1857 వ సంవత్సరపు విప్లవము జరిగిన పిమ్మట, 1858 లో అది నెరవేరెను. నెరవేరిన తీరు చూడుడు. కంపెనీ పోయెను, కంపెనీ యప్పు పోలేదు. దాదాపు 7 కోట్ల పౌనుల ఋణము క్రొత్త చట్టముచేత భారతదేశపు రాబడిపైననే, కేవలము దానిపైననే, మోపబడెను. విప్లవము నణచుటకైన రమారమి 4 కోట్ల పౌనుల ఖర్చును మనపైననే వ్రాసిరి. వాటాదారుల 6,30,000 పౌనుల లాభాంశమును యథాప్రకారము సాగెను. సంఘము మూయబడిన పిమ్మటగూడ సాగిన లాభాంశ మిది, 1874 లో నూటికి రెండువందల చొప్పున వాటాలవెల చెల్లించి వారిని పంపివేయువరకు ఆగలేదు. మన సంఘములలో వార్షిక జమాఖర్చు చదువునపుడు, కాఫీపొడి పద్దుకడ లేచి నిలిచి అరగంట వాదించు సభ్యులను మేము చూచియున్నాము. వారిలో నొక్కడైన ఆనాటి పార్లమెంటులో నుండిన బాగుండెడిది!

అప్పు పెరిగినచో వడ్డీ పెరుగును, వడ్డీ పెరిగినచో క్రొత్తపన్ను వచ్చును. 1859 తుదిని జేమ్సు విల్సనను ఆర్థికవేత్తను సీమనుండి రప్పించిరి. ఆయన 1860 ఫిబ్రవరిలో కలకత్తాలో ఆయవ్యయ పట్టికను ప్రవేశపెట్టి, ఆదాయపు పన్నును, వృత్తి లైసెన్సు పన్నును, పొగాకు పన్నును ప్రతిపాదించెను. ఏటికి 200 రూపాయలు మొదలు 500 రూపాయలలోపు ఆదాయమునకు నూటికి రెండు, ఆపైన నూటికి నాలుగు వంతున ఆదాయపు పన్ను అమలులోనికి వచ్చెను. దేశమంతట అలజడి కలిగెను. పదునారేండ్లుగా దొరతనమువారి పుస్తకము చూపుడని యడిగిన వర్తకుల నగరమున, ఇప్పుడు వర్తకుడే తన లాభనష్టములను వ్రాసి దొరతనమువారికి ఒప్పగింపవలసినవాడాయెను.

ఆ సమయమున చెన్నరాజధాని గవర్నరుగా నున్నవారు సర్ చార్లెసు ట్రెవెల్యను దొరగారు. వారు చేసిన పనికి సాటి మన దేశచరిత్రలో నరుదు. సైనికవ్యయము మొదలగు ఖర్చులు తగ్గించుకొన్నచో ఈ పన్నులేవియు అక్కరలేదని, ఈ పన్నులు ప్రజల స్వభావమునకు సరిపడవని వాదించి, తమ వాదమును రహస్యముగా నుంచక పత్రికలలో ప్రకటించిరి. ఒక గవర్నరే పైప్రభుత్వముతో బహిరంగముగా తగవుపడెను! సీమలోని మంత్రులు వెంటనే వారిని వెనుకకు పిలిపించిరి. 1860 లోనే వారు చెన్నపట్టణము విడిచిరి. ఎనిమిదేండ్లకు పూర్వము శెట్టిగారి విజ్ఞాపనములోని వ్యయము తగ్గింపుడను మాటనే గవర్నరు నోటను వినుట చెన్నపట్టణపువారి కెట్లుండెనో చెప్పనేల? అడిగినవాడు నల్లవర్తకుడైనపుడు కాగితమును ప్రక్కకు పెట్టిరి. అడిగినవాడు తెల్లగవర్నరైనపుడు మనుష్యునే ప్రక్కకు పెట్టిరి. విల్సను దొర ఆ ఆగస్టులోనే కలకత్తాలో వ్యాధిచే మరణించెను. ట్రెవెల్యను దొరగారు కొలదియేండ్లకే ఆర్థికశాఖాధిపతియై మరల ఈ దేశమునకు వచ్చిరి. ఆదాయపు పన్ను గడువుతీరి 1865 లో నిలిచిపోవునప్పటికి ఆ శాఖ వారి చేతులలోనే యుండెను. దైవగతు లెట్లుండునో చూడుడు.

శెట్టిగారిని ఈ పిమ్మటి కాలమున దొరతనమువారు గౌరవింపసాగిరి. విరోధము కాలముతోపాటు చల్లారుటయు, విరోధియొక్క యోగ్యత బయటపడుటయు లోకమున కలదు. వారికి స్టారు ఆఫ్ ఇండియా వర్గమునందు సి. యస్. ఐ. బిరుదము లభించెను. 1863 లో చెన్నపట్టణపు శాసననిర్మాణసభయందు సభ్యులుగా నియమింపబడిరి. కాని ఇప్పటికే కాలము మారినది. మదరాసు నేటివు అసోసియేషను వెనుకటి యుత్సాహము తగ్గి క్షీణించెను. పత్రికకు, సంఘమునకు, ప్రయాణములకు, అర్జీలకు ఇన్నియేండ్లు తమ చేతిసొమ్మునే వెచ్చించుచు వచ్చిన శెట్టిగారి సంపద కరగిపోయెను. బేరము చూచుకొనవలసిన ప్రొద్దు ప్రజాకార్యములలో గడచెను. ఇట్టి వారి కుటుంబములు పడు బాధను ఇతరులు మెచ్చుకొనుట యెంత సులభము! భరించుట యెంత కష్టము! చందాలు వాగ్దానముచేసి వసూలునాటికి కనబడని వారితో పని చేసిన కార్యదర్శులకు మా మాట బోధపడును.

శాసనసభలో ఆసనమును గూర్చి యొక్క మాట. 1861 వ సంవత్సరపు చట్టముచేత ఏర్పడిన ఆ సభలకు చట్టములు చేయుటయందు మాత్రమే పాలుండెను. ప్రశ్నలు వేయుటకు వీలులేదు. ఆయవ్యయ పట్టికను ముట్టుటకు వీలులేదు. ఏ లెక్క యడుగుటకై శెట్టిగారు 1844 నుండి జీవితమును ధారపోసిరో, ఆ లెక్కను తప్ప తక్కినవాని నడుగుటకు వారికి కుర్చీ లభించెను. వారు ఆ కుర్చీలోనికి చేరునప్పటికి ఏబదియేడవ యేట నుండిరి. 1868 లో, లేమిలో, వారు పరమపదించిరి. సభ్యులు ప్రభుత్వపు ఆయవ్యయములను చర్చింపవచ్చునని చట్టము వచ్చినది 1892 లో. అప్పటికి శెట్టిగారు గతించి 24 సంవత్సరములైనది.